ప్రత్యర్థి దేశాల మధ్య అణ్వస్త్రాల తగ్గింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో రాజనీతిశాస్త్రం బోధించిన కాలంలోనూ, ఉద్యోగ విరమణ తర్వాత గ్రంథాలయాల్లో, రైతుల సమావేశాల్లో మాట్లాడిన సందర్భాల్లోనూ ఈ విషయం మీద నాకు ఎదురైన ప్రశ్నలు దాదాపు ఒకటే తీరుగా ఉన్నాయి. విద్యార్థులు సంఖ్యలు అడుగుతారు. పెద్దవాళ్లు మాత్రం "పాముకూ ముంగిసకూ రాజీ కుదురుతుందా అయ్యా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఇద్దరికీ పనికివచ్చేలా, ఎక్కువసార్లు వినబడిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అణ్వస్త్రాలు నిజంగా ఎప్పుడైనా తగ్గాయా, లేక అదంతా కాగితాల మీది మాటేనా?

తగ్గాయి, అదీ కొద్దిగా కాదు. 1986లో ప్రపంచం మొత్తం మీద సుమారు 70 వేల అణు వార్‌హెడ్‌లు, అంటే క్షిపణులకు అమర్చే అణు బాంబులు, ఉండేవి. స్టాక్‌హోమ్‌లోని ఆయుధాల లెక్కలు గమనించే సిప్రి పరిశోధన సంస్థ 2025 జనవరి నాటికి వేసిన అంచనా ప్రకారం ఇప్పుడున్నవి 12,241. అంటే ఆరు వంతుల్లో అయిదు వంతులు పోయినట్టే. మిగిలిన వాటిలో నూటికి ఎనభై ఏడు రష్యా, అమెరికాలవే: రష్యా దగ్గర 5,459, అమెరికా దగ్గర 5,177.

అయితే ఈ 12 వేలలో విడగొట్టడానికి పక్కన పెట్టిన పాతవి కూడా కలిసి ఉన్నాయి. సైన్యాల చేతిలో వాడకానికి సిద్ధంగా ఉంచినవి సుమారు 9,600. ఇన్నేళ్లుగా మొత్తం సంఖ్య తగ్గుతూ రావడానికి కారణం ఆ పాత సరుకును విడగొడుతూ ఉండటమే తప్ప, కొత్తగా ఎవరూ త్యాగం చేయడం కాదు. విడగొట్టే పని మందగించి, కొత్తవి చేర్చే పని ఊపందుకుంటే మొత్తం సంఖ్య మళ్లీ పైకి లేస్తుంది. ఆ మలుపుకు మనం చాలా దగ్గరగా ఉన్నాం.

ఒకరినొకరు నమ్మని దేశాలు ఎందుకు తగ్గించుకున్నాయి?

నమ్మకం కుదిరింది కాబట్టి తగ్గించుకున్నాయని చాలామంది అనుకుంటారు. నేను చదివినంతలో క్రమం దీనికి తలకిందులుగా ఉంది. 1987 డిసెంబరు 8న అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ వాషింగ్టన్‌లో మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం మీద సంతకాలు చేసేనాటికి సోవియట్ సేనలు ఇంకా అఫ్గానిస్తాన్‌లోనే ఉన్నాయి, వాళ్లతో పోరాడే ముఠాలకు అమెరికా ఆయుధాలు అందిస్తూనే ఉంది. అంతకు ఏడాది ముందు, 1986 అక్టోబరులో, ఐస్‌లాండ్ రాజధాని రెయిక్‌యావిక్‌లో ఆ ఇద్దరే కలుసుకుని, అణ్వస్త్రాలన్నిటినీ తీసేయడం గురించి దాకా మాట్లాడుకుని, వచ్చే క్షిపణులను దారిలోనే ఆపాలని అమెరికా తలపెట్టిన అంతరిక్ష రక్షణ కవచం దగ్గర మాట తెగి, ఒట్టి చేతులతో తిరిగి వెళ్లారు.

ఆ విఫల సమావేశం తర్వాత పద్నాలుగు నెలలకే ఒప్పందం కుదరడం వెనుక మూడు కారణాలు కనిపిస్తాయి. ఆయుధాల ఖర్చు సోవియట్ ఆర్థిక వ్యవస్థకు మోయలేని బరువైంది. 1986 ఏప్రిల్‌లో జరిగిన చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్ర ప్రమాదం, రేడియోధార్మికత ఎంత దూరం పాకుతుందో అక్కడి నాయకత్వానికి ఇంట్లోనే చూపించింది. ఐరోపాలో మోహరించిన మధ్యశ్రేణి క్షిపణులు నిమిషాల్లో లక్ష్యాన్ని తాకేవి కావడంతో, తప్పుడు హెచ్చరిక వస్తే ఆలోచించే వ్యవధి ఇరువైపులా లేకుండా పోయింది. 1983 సెప్టెంబరు 26 రాత్రి సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అమెరికా క్షిపణులు వస్తున్నాయని చెప్పినప్పుడు, విధుల్లో ఉన్న స్టానిస్లావ్ పెట్రోవ్ అనే అధికారి అది యంత్రం పొరపాటని నిర్ణయించి నివేదించడం వల్ల ఆ రాత్రి గడిచింది.

ఆ ఒప్పందం కింద 1991 నాటికి 2,692 క్షిపణులను ధ్వంసం చేశారు. వాటిలో సోవియట్ వాటా 1,846, అమెరికా వాటా 846. ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ వదులుకోవడానికి ఒప్పుకున్నాడన్నమాట. ఇప్పటి చర్చలన్నీ "సమానంగా" అనే మాట దగ్గర ఇరుక్కుపోతున్నప్పుడల్లా నాకు ఈ రెండు అంకెలే గుర్తుకొస్తాయి.

అవతలివాడు నిజంగా తగ్గించాడని ఎలా తెలుస్తుంది?

ఈ విషయం మొత్తానికి ఆయువుపట్టు ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను. కందుకూరు, పొదిలి పొగాకు వేలం కేంద్రాలకు బేళ్లు తోలినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కొనేవాడి మీద రైతుకు నమ్మకం లేదు, రైతు కట్టిన బేలు లోపల ఏముందోనని కొనేవాడికి అనుమానం. అయినా సీజనంతా వ్యాపారం సాగుతుంది, ఎందుకంటే కాటా ఇద్దరి కళ్లముందే ఉంటుంది, అనుమానం వస్తే బేలు విప్పి చూడవచ్చు.

అణ్వస్త్రాల దగ్గరా పద్ధతి అలాంటిదే. మధ్యశ్రేణి క్షిపణుల ఒప్పందం కింద అమెరికా తనిఖీదారులు వోట్‌కిన్‌స్క్ క్షిపణి కర్మాగారం గేటు దగ్గర, సోవియట్ తనిఖీదారులు యూటా రాష్ట్రంలోని మాగ్నా దగ్గర, పదమూడేళ్ల పాటు కాపురం ఉన్నట్టుగా ఉండి, బయటికి వెళ్లే సరుకును పరిశీలించారు. తీసేసిన బి-52 బాంబర్లను అమెరికా అరిజోనా ఎడారిలో ముక్కలుగా నరికి, అవతలివాళ్ల ఉపగ్రహాలకు కనబడేలా ఆరుబయటే వదిలేసింది.

2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా, రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ సంతకం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందంలో ఏడాదికి 18 తనిఖీలకు అవకాశం ఉండేది. తనిఖీదారులు తాము ఎంచుకున్న క్షిపణి దగ్గరికి వెళ్తే, ముందుభాగం విప్పి, వార్‌హెడ్‌ల మీద ముసుగు వేసి చూపించేవారు: ఆకారం రహస్యంగా ఉండేది, సంఖ్య మాత్రం తెలిసేది. ముసుగు కింద ఉన్నది అణ్వస్త్రం కాదని చెబితే, న్యూట్రాన్‌లను పసిగట్టే పరికరం పెట్టి సరిచూసుకునే వీలుండేది. దీనికి తోడు, ఏ క్షిపణిని ఎక్కడి నుంచి ఎక్కడికి తరలించినా రాతపూర్వకంగా కబురు చేయాల్సి ఉండేది. అలా ఇరువైపులా ఇచ్చిపుచ్చుకున్న కబుర్లు 25 వేలు దాటాయి.

ఈ లెక్కింపులో వింతలు లేకపోలేదు. అనేక అణ్వస్త్రాలు మోయగల బాంబరు విమానాన్ని ఒకే వార్‌హెడ్‌గా లెక్కించేవారు. ఇలాంటి సర్దుబాట్లు చూసి ఒప్పందమే బూటకమనేవాళ్లతో నేను ఏకీభవించను. కాటాలో రాయి ఎంత ఉండాలో ఇద్దరూ ముందే ఒప్పుకున్నప్పుడు అది మోసం అనిపించుకోదు.

విడగొట్టిన వార్‌హెడ్‌లలోని పదార్థం ఏమవుతుంది?

కొంత నిల్వల్లోనే ఉండిపోతుంది. కొంత కరెంటుగా మారింది. 1993లో కుదిరిన ఒప్పందం ప్రకారం రష్యా 500 టన్నుల శుద్ధి చేసిన యురేనియంను పలచన చేసి, విద్యుత్ కేంద్రాల ఇంధనంగా అమెరికాకు అమ్మింది. ఆ పదార్థం దాదాపు 20 వేల వార్‌హెడ్‌లకు సరిపోయేది. 2013 దాకా సాగిన ఆ ఏర్పాటు వల్ల అమెరికా ఇళ్లలో వెలిగిన ప్రతి పది దీపాల్లో ఒకటి ఒకప్పుడు తమ మీదికే గురిపెట్టిన బాంబు సరుకుతో వెలిగిందని చెప్పుకునేవారు.

న్యూ స్టార్ట్ ఒప్పందం పరిస్థితి ఏమిటి?

అది ఒక్కో దేశానికి మోహరించిన వ్యూహాత్మక, అంటే దూర లక్ష్యాలను కొట్టే, వార్‌హెడ్‌లు 1,550, వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు 700 అని హద్దు గీసింది. 2011 ఫిబ్రవరి 5న అమల్లోకి వచ్చి, 2021లో అయిదేళ్లు పొడిగింపు పొందింది. ఒక్కసారికి మించి పొడిగించే వీలు ఒప్పందంలోనే లేదు కాబట్టి 2026 ఫిబ్రవరి 5తో దాని ఆయుష్షు తీరింది.

నిజానికి ప్రాణం అంతకుముందే పోయింది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఆగిన తనిఖీలు మళ్లీ మొదలుకాలేదు. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో 2023 ఫిబ్రవరిలో రష్యా తన భాగస్వామ్యాన్ని నిలిపివేసింది. సంఖ్యల హద్దును మరో ఏడాది స్వచ్ఛందంగా పాటిద్దామని 2025 సెప్టెంబరులో పుతిన్ ప్రతిపాదించారు, కానీ అందులో తనిఖీల మాట లేదు. కాటా లేకుండా తూకం చెప్పుకోవడమే అది. ఇరువైపులా వ్యూహకర్తలు అవతలివాడి దగ్గర ఎన్ని ఉన్నాయో ఊహించుకోవలసి వచ్చినప్పుడు ఎక్కువే ఊహిస్తారు, దానికి తగ్గట్టు తమవీ పెంచమని సలహా ఇస్తారు. 1950లలో అమెరికా తనకు బాంబర్ల కొరత ఉందని, ఆ తర్వాత క్షిపణుల కొరత ఉందని భయపడి వందల కొద్దీ తయారుచేసుకున్నాక, ఆ కొరత లేదని తేలింది.

రక్షణ కవచం కడితే తప్పేమిటి? అది ఎవరినీ చంపదు కదా?

ఈ ప్రశ్న ఇంజనీరింగ్ విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. కవచం ఉన్నవాడు తాను మొదట కొట్టి, అవతల మిగిలిన కొద్దిపాటి క్షిపణులను కవచంతో ఆపుకోగలడని అవతలివాడికి అనిపిస్తే, కవచాన్ని ముంచెత్తేంత ఎక్కువ క్షిపణులు చేసుకోవడమే అతనికి చవకైన జవాబు. అందుకే 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ కవచాల మీదే పరిమితి పెట్టుకున్నాయి. 2002లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. 2025లో ట్రంప్ ప్రభుత్వం "గోల్డెన్ డోమ్" పేరుతో మరింత పెద్ద కవచాన్ని ప్రకటించింది. రెయిక్‌యావిక్‌లో తెగిన చోటే తాడు మళ్లీ పీచులు లేస్తోంది.

చైనా ఎందుకు చర్చలకు రావడం లేదు?

సిప్రి అంచనాలో చైనా దగ్గరున్నవి దాదాపు 600. అగ్రరాజ్యాలు ముందు మా స్థాయికి దిగి రావాలని చైనా అంటుంది. చైనా వేగంగా పెంచుకుంటూ ఉండగా మేమిద్దరమే కట్టడి చేసుకోవడం ఎలాగని అమెరికా అంటుంది. రెండు వాదనల్లోనూ పస ఉంది కాబట్టే చిక్కు. చైనా 1964లో మొదటి పరీక్ష చేసిన రోజునే, తాను ముందుగా అణ్వస్త్రం ప్రయోగించనని ప్రకటించింది. కానీ లెక్కలు బయటపెట్టే అలవాటు మాత్రం దానికి లేదు.

భారత్, పాకిస్తాన్ మధ్య తగ్గింపు సాధ్యమా?

సంఖ్యల తగ్గింపు సమీప కాలంలో సాధ్యం కాదని నా అభిప్రాయం. సిప్రి అంచనాలో భారత్ వద్ద 180, పాకిస్తాన్ వద్ద 170 ఉన్నాయి. పైకి జోడీ సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ ఇది ఇద్దరి తగాదా కాదు. సోమశిల కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఈ చిక్కు బాగా అర్థమవుతుంది: ఎగువ ఊరివాళ్లు తూము దించితేగానీ మధ్య ఊరివాళ్లు దించరు, మధ్య ఊరివాళ్లు దించితేగానీ చివరి ఆయకట్టుకు నీళ్లు రావు, కాలువ నీళ్లు చూసుకునే లష్కరు మాత్రం అందరి చేతా తిట్లు తింటాడు. పాకిస్తాన్ భారత్‌ను చూసి, భారత్ చైనాను చూసి, చైనా అమెరికాను చూసి లెక్క వేసుకుంటాయి. 2024 మార్చిలో భారత్ ఒకే క్షిపణితో అనేక వార్‌హెడ్‌లు పంపగల అగ్ని-5ను పరీక్షించినప్పుడు మనవాళ్ల దృష్టి బీజింగ్ మీద ఉండవచ్చు. ఇస్లామాబాద్ మాత్రం దాన్ని తన కోసమేనని చదువుకుంటుంది. భారత్ ముందుగా ప్రయోగించబోనని చెప్పింది. పాకిస్తాన్ ఆ మాట ఇవ్వలేదు, పైగా 60 కిలోమీటర్ల దూరం వెళ్లే నస్ర్ అనే చిన్న క్షిపణిని 2011లో పరీక్షించింది.

కానీ ప్రమాదాన్ని తగ్గించే పనులు ఈ రెండు దేశాలు ఎప్పటి నుంచో చేస్తున్నాయి, వాటికి రావలసినంత గుర్తింపు రాలేదు. ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకుని, ఆ కేంద్రాల జాబితాలను 1992 నుంచి ప్రతి జనవరి 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం జరిగిన మరుసటి జనవరిలోనూ, పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దు పొడవునా సైన్యాలు ఎదురెదురుగా నిలబడిన 2002 జనవరిలోనూ ఆ జాబితాలు చేతులు మారాయి. బాలిస్టిక్ క్షిపణి (పైకి ఎగిరి వంపు తిరిగి కిందికి పడే రకం) పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు కబురు చేయాలని 2005లో, అణ్వస్త్రాలకు సంబంధించిన ప్రమాదం జరిగితే తెలియజేయాలని 2007లో ఒప్పుకున్నాయి.

ఈ ఏర్పాట్లలో ఒక కంత ఉంది. 2022 మార్చి 9న మన వైపు నుంచి పొరపాటున ఎగిరిన క్షిపణి ఒకటి పాకిస్తాన్‌లోని మియాఁ చన్ను దగ్గర పడింది. దానిలో పేలుడు పదార్థం లేదు, ఎవరూ చనిపోలేదు. అది క్రూయిజ్ క్షిపణి, అంటే విమానంలా గాలిలో ఎగురుతూ వెళ్లే రకం. 2005 నాటి ఒప్పందం బాలిస్టిక్ క్షిపణులకే పరిమితం. క్రూయిజ్ క్షిపణులను కూడా ఆ పరిధిలోకి తీసుకురావడానికి ఎవరూ తమ ఆయుధం ఒక్కటీ వదులుకోనక్కర్లేదు. రేపు రెండు దేశాల అధికారులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే మొదట చేయదగిన పని ఇదేనని నేను అనుకుంటాను.

శ్రీహరికోట రాకెట్లకూ ఈ విషయానికీ సంబంధం ఉందా?

ఉంది. చిరకాలం నెల్లూరు జిల్లాలో భాగంగా ఉన్న శ్రీహరికోట నుంచి 1980 జులైలో రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశే, 1989లో ఎగిరిన తొలి అగ్ని క్షిపణికి పునాది అయింది. ఉపగ్రహాన్ని మోసే రాకెట్, బాంబును మోసే క్షిపణి రాడార్ తెర మీద ఒకేలా కనిపిస్తాయి.

1995 జనవరి 25న నార్వే తీరం నుంచి ఉత్తర ధ్రువ కాంతులను పరిశీలించడానికి ఎగిరిన శాస్త్ర పరిశోధన రాకెట్‌ను రష్యా రాడార్లు అమెరికా జలాంతర్గామి క్షిపణిగా భ్రమపడ్డాయి. అధ్యక్షుడు యెల్ట్‌సిన్ ముందుకు అణు ఆదేశాల పెట్టె వచ్చింది. నార్వే ముందుగానే సమాచారం ఇచ్చినా అది రాడార్ దగ్గర కూర్చున్నవాళ్లకు చేరలేదు. మన తీరంలో ప్రయోగానికి ముందు పులికాట్ చుట్టుపక్కల మత్స్యకారులను వేటకు వెళ్లవద్దని హెచ్చరించడం, నౌకలకు, విమానాలకు నోటీసులు పంపడం చాలామంది చూసే ఉంటారు. దేశాల స్థాయిలోనూ అలాంటి ఏర్పాటు ఉంది: క్షిపణుల, రాకెట్ల ప్రయోగాలను ముందుగా తెలియజేసే హేగ్ ప్రవర్తనా నియమావళిలో భారత్ 2016లో చేరింది. పాకిస్తాన్, చైనా చేరలేదు.

అణ్వస్త్రాలను పూర్తిగా వదులుకున్న దేశాలు ఉన్నాయా?

దక్షిణాఫ్రికా తాను తయారుచేసుకున్న ఆరు బాంబులను విడగొట్టి, ఆ సంగతిని 1993లో లోకానికి చెప్పింది. ఉక్రెయిన్, బెలారుస్, కజక్‌స్తాన్ తమ నేల మీద మిగిలిన సోవియట్ అణ్వస్త్రాలను రష్యాకు పంపేశాయి. ప్రతిగా 1994 డిసెంబరులో బుడాపెస్ట్‌లో రష్యా, అమెరికా, బ్రిటన్ ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని రాసి ఇచ్చాయి. ఆ రాతకు 2014లోనూ, 2022లోనూ ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. ఆ క్షిపణుల మీటలు మాస్కో చేతిలోనే ఉండేవి కాబట్టి ఉక్రెయిన్ వాటిని వాడగలిగేది కాదన్న వాదన సరైనదే. అయినా చిన్న దేశాల నాయకులు ఆ ఉదంతం నుంచి నేర్చుకున్న పాఠం మాత్రం తగ్గింపుకు చేటు చేసేదే.

భారత్ అణు వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఎందుకు చేరలేదు?

1967కు ముందు పరీక్ష చేసిన అయిదు దేశాలకు ఒక న్యాయం, మిగతావాళ్లకు ఒక న్యాయం అనే ఏర్పాటును భారత్ మొదటి నుంచీ అంగీకరించలేదు. ఆ అయిదింటితో సహా చేరిన దేశాలన్నీ నిరాయుధీకరణ కోసం చిత్తశుద్ధితో చర్చలు జరపాలని ఆ ఒప్పందం ఆరో అధికరణంలోనే ఉంది, గడువు మాత్రం లేదు. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో 2010 నాటికి అణ్వస్త్రాలన్నీ తొలగిపోయేలా గడువుతో కూడిన ప్రణాళిక పెట్టారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, పదేళ్లకు పోఖ్రాన్‌లో మనమే పరీక్షలు చేశాం.

2017లో వచ్చిన అణ్వస్త్రాల నిషేధ ఒప్పందం వల్ల ఉపయోగం ఉందా?

అది 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. అణ్వస్త్రాలున్న తొమ్మిది దేశాల్లో ఒక్కటీ చేరలేదు. సిగ్గుపడే అవకాశాన్ని కల్పిస్తుంది, అంతకు మించి ఇప్పట్లో కాదు.

ఎక్కడో జరిగే గొడవకు మన జిల్లాల వాళ్లు ఎందుకు తల బద్దలు కొట్టుకోవాలి?

2022లో నేచర్ ఫుడ్ పత్రికలో వచ్చిన అధ్యయనం, భారత్, పాకిస్తాన్ మధ్య అణు యుద్ధం జరిగితే మండే నగరాల నుంచి లేచే మసి ఆకాశంలో పరుచుకుని, పంటలు దెబ్బతిని, ప్రపంచంలో 200 కోట్లకు పైగా ప్రజలు ఆకలితో చనిపోవచ్చని అంచనా వేసింది. ఇది నమూనా లెక్క మాత్రమే, ఎంత మసి లేస్తుందన్న దానిపై శాస్త్రవేత్తల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. కానీ ఎండ, వాన రెండూ తగ్గితే వరి ఏమవుతుందో తెలుసుకోవడానికి నెల్లూరు రైతుకు నమూనా అక్కర్లేదు. బాంబు పడని ఊరు కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

వచ్చే పదేళ్లలో ఏం ఆశించవచ్చు?

అమెరికా, రష్యాల మధ్య సంఖ్యలు సగానికి తగ్గే ఒప్పందం వస్తుందని నేను అనుకోవడం లేదు. ఉక్రెయిన్ యుద్ధం ఏదో ఒక రూపంలో ఆగితే, పాత హద్దులనే తనిఖీలతో సహా మళ్లీ రాసుకోవడం సాధ్యమే. ఒప్పందం లేకుండానే తగ్గించిన సందర్భమూ ఉంది: 1991 సెప్టెంబరు 27న అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ యుద్ధక్షేత్రంలో వాడే చిన్న అణ్వస్త్రాలను ఉపసంహరిస్తున్నట్టు ప్రకటిస్తే, వారం తిరిగేసరికి గోర్బచేవ్ అలాగే ప్రకటించారు. వేల వార్‌హెడ్‌లు అలా సంతకం లేకుండానే వెనక్కి వెళ్లాయి. తనిఖీ లేని ఆ మాట ఎంతవరకు నిలబడిందన్నది తర్వాత వివాదమైంది, అది వేరే సంగతి.

పత్రికల్లో ఏ వార్తలు గమనించాలి?

శిఖరాగ్ర సమావేశాల ఫొటోలు కాదు. తనిఖీదారులు మళ్లీ విమానం ఎక్కారా, ఎవరైనా భూగర్భ అణు పరీక్షకు సిద్ధమవుతున్నారా అన్నవి చూడండి. సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందానికి ఇచ్చిన ఆమోదాన్ని 2023 నవంబరులో రష్యా వెనక్కి తీసుకుంది, అమెరికా ఎన్నడూ ఆమోదించనే లేదు. ఇక మన దగ్గర అయితే, జనవరి 2 నాటి దినపత్రికలో లోపలి పేజీల్లో ఎక్కడో నాలుగు వాక్యాల వార్త ఉంటుంది: భారత్, పాకిస్తాన్ అణు కేంద్రాల జాబితాలను మార్చుకున్నాయని, ఖైదీల, మత్స్యకారుల జాబితాలు కూడా ఇచ్చిపుచ్చుకున్నాయని. నా విద్యార్థుల చేత ఏటా ఆ ముక్క కత్తిరించి పుస్తకంలో అంటించేవాడిని. ఒక్క ఏడాది కూడా ఖాళీ రాలేదు.